తులిప్ దుంపలు తవ్వుకుపోతున్నది ఏ జంతువు?

చిగురు_88:
చలి ముదరకముందే తులిప్, క్రోకస్, డాఫోడిల్ పూల దుంపలు నాటాను. ఇవాళ పొద్దున చూస్తే మడి నిండా చిన్న చిన్న గుంతలు, చుట్టూ గోధుమరంగు పొట్టు. తులిప్‌లు, క్రోకస్‌లు సగానికి సగం పోయాయి, వాటి పక్కనే ఉన్న డాఫోడిల్స్‌ని మాత్రం ఏదీ ముట్టలేదు. ఎవరి పని ఇది? మిగిలినవైనా దక్కించుకోవడం ఎలాగో చెప్పండి.

పెరటిమట్టి:
గుంతలు పైపైనే ఉంటే ఉడుతలేనండి, అనుమానం అక్కర్లేదు. చలికాలానికి గింజలు పాతిపెట్టుకునే రోజులు కదా, కొత్తగా తవ్విన మెత్తటి మట్టి కనిపిస్తే చాలు, అక్కడ ఇంకెవరో ఏదో దాచారని తవ్వేస్తాయి, పైగా మనం నాటేటప్పుడు రాలిన పొట్టు అక్కడే పడి ఉంటే ఆ వాసన కూడా దారి చూపిస్తుంది. ఆ పొట్టంతా ఏరిపారేసి, మట్టి గట్టిగా అదిమి, పైన కోళ్ల జాలి పరిచి అంచుల మీద రాళ్లు పెట్టండి. మొలకలు కనిపించగానే జాలి తీసేయాలి, లేదంటే ఆకులు కన్నాల్లో ఇరుక్కుని వంకర్లు పోతాయి.

డాఫోడిల్స్ వదిలేయడం మామూలే. వాటిలో లైకోరిన్ అనే విషం ఉంటుంది.

రాత్రికాపలా:
గుంతలున్నాయి కాబట్టి ఉడుతలే అనుకుందాం. నా బాధ వేరు, పైన మట్టి కదలదు, మొక్క మాత్రం ఉన్నట్టుండి వాడిపోతుంది. పట్టుకుని లాగితే చేతిలోకి ఊడి వచ్చేసింది, కింద దుంప లేదు, కాడ మొదట్లో సన్నటి పళ్ల గాట్లు. అది వోల్ పని, ఎలుక లాంటిదే, తోక పొట్టిగా ఉంటుంది. అందరూ నేలలో సొరంగాలు తవ్వే మోల్‌ని తిడతారు గానీ దానికి కావలసింది వానపాములు, పురుగులు. కాకపోతే అది తవ్విన సొరంగంలోంచి వోల్ దర్జాగా నడిచి వస్తుంది. దీనికి పైన జాలి పరిస్తే లాభం లేదు, పావు అంగుళం కన్నాల గట్టి ఇనుప జాలిని బుట్టలా మడిచి, అంచు మట్టి పైకి కాస్త కనిపించేలా పాతి, దుంపల్ని అందులో నాటాలి. చేతులు గీసుకుపోతాయి, గ్లౌజులు వేసుకోండి.

ఎర్రమందారం:
ఇంత కష్టం దేనికండీ, కారం చల్లితే సరిపోదా?

పెరటిమట్టి:
పనిచేస్తుంది, ఒక్క వాన పడేదాకా. తర్వాత మళ్లీ చల్లాలి. గాలి వాటం చూసుకోకపోతే ముందు మండేది మన కళ్లే. బోన్ మీల్ (ఎముకల పొడి) మాత్రం వేయకండి, ఎరువని వేస్తే ఆ వాసనకి కుక్కలూ రకూన్లూ వచ్చి మడంతా తిరగేస్తాయి.

ఎర్రమందారం:
పోనీ కలరా ఉండలు?

రాత్రికాపలా:
వద్దండీ బాబూ. నాఫ్తలీన్ విషం, మట్టిలో చేరుతుంది, చిన్నపిల్లలు బిళ్లలనుకుని నోట్లో పెట్టుకుంటారు. పువ్వుల కోసం అంత రిస్కు ఎందుకు.

వానచినుకు:
మీవి కనీసం దుంప దశలోనే పోయాయి. మాకు జింకలు వస్తాయి. దుంపలు భద్రం, ఆకులు వస్తాయి, మొగ్గ రంగు తిరుగుతుంది, రేపో ఎల్లుండో విచ్చుకుంటుందనగా తెల్లారేసరికి ఉత్త కాడలు! కాడ చివర చూస్తే ఎవరు తిన్నారో తెలిసిపోతుంది. జింకకి ముందు పై పళ్లు ఉండవు కాబట్టి పీకి తింటుంది, చివర పీచుపీచుగా చిరిగి ఉంటుంది. కుందేలైతే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. కుందేలుకి రెండు మూడడుగుల కంచె చాలు, జింకకి ఎనిమిది అడుగులు కావాలి. అంత కంచె కట్టలేక కుళ్లిన గుడ్ల వాసన వచ్చే స్ప్రే కొడుతున్నాను, వాన పడ్డప్పుడల్లా మళ్లీ కొట్టాల్సిందే. ఆకలి ఎక్కువైతే దాన్నీ లెక్కచేయవు.

మట్టివాసన:
తులిప్‌ల చుట్టూ డాఫోడిల్స్ నాటితే కాపలా కాస్తాయని చాలామంది రాస్తుంటారు. నాకైతే నమ్మకం లేదు, ఉడుతలు మధ్యలోంచి తులిప్‌లు మాత్రమే ఏరుకుపోయాయి. ఇప్పుడు తులిప్‌లు మానేసి ఆలియం, మస్కారి, స్నోడ్రాప్ పూల దుంపలు వేస్తున్నాను, వీటి జోలికి పెద్దగా ఏవీ రావు. క్రౌన్ ఇంపీరియల్ కూడా మంచిదే గానీ నక్క కంపు కొడుతుంది, కిటికీ పక్కన నాటకండి. ఇంకోటి, డాఫోడిల్ దుంప చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది, మనుషులకీ పెంపుడు జంతువులకీ కూడా విషమే, వంటింట్లో మాత్రం పెట్టకండి.

చిగురు_88:
అందరికీ థ్యాంక్స్. గుంతలు మళ్లీ చూశాను, అన్నీ పైపైనే, సొరంగాలేం లేవు. మిగిలిన దుంపల మీద ఇవాళే జాలి వేసేశాను. సంచిలో ఇంకొన్ని తులిప్‌లు ఉన్నాయి, వాటిని కుండీల్లో పెడితే ఉడుతల టెన్షన్ ఉండదా?

పెరటిమట్టి:
కుండీల్లోనూ తవ్వుతాయండి, ఇంకా సులువు వాటికి. మట్టి గడ్డకట్టనంత వరకు టైమ్ ఉంది కాబట్టి కొన్నాళ్లాగి, ఉడుతల హడావిడి తగ్గాక నేలలోనే ఇరవై సెంటీమీటర్ల లోతున పెట్టండి. కుండీయే కావాలంటే పైన జాలి చుట్టి తీగతో బిగించండి, ఊరికే కప్పితే లాగేస్తాయి.