సమస్య: పుట్టినట్టి బిడ్డ భూపుఁ జంపె (కొండవీటి కోట)

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది, సమస్య నాలుగో పాదం. కంసవధ వద్దండీ, అది అందరికీ తట్టేదే. కొండవీడు దాటకుండా పూరించండి. అద్దంకి నుంచి అనవోతారెడ్డి రాజధానిని అక్కడికి మార్చాక 1424 దాకా ఐదుగురు రెడ్డిరాజులు ఏలారు. ఆఖరివాడి దగ్గర కాసేపు ఆగి చూడండి.

నరసరావుపేట మాస్టారు:

పురిటి సుంక మనుచు భూపతి రాచవే
ముఁడు వసూలు సేయ మూల్గె జనము;
సవర మెల్లయలిగి సాచెఁ గటారమ్ము;
పుట్టినట్టి బిడ్డ భూపుఁ జంపె!

నిర్వాహకుడు: మాస్టారూ, బిడ్డ పుడితే కట్టాల్సిన పన్ను మీద అల్లారు, ధార బాగుంది. రాజు పేరును రెండు పాదాల మధ్య విరిచిన తీరు నచ్చింది. కాకపోతే మూడో పాదంలో కటారం పట్టింది సవరం ఎల్లయ, నాలుగో పాదంలో చంపింది బిడ్డ. మధ్యలో ఒక మాట తక్కువైంది.

కృష్ణాతీరం:

తల్లి చెరువుఁ దవ్వెఁ, దనయుండు కాలువ
తెచ్చె, నీటఁ బైరు తెప్పరిల్లె;
పురిటి యింటఁ గూడ బొక్కసమే చూడఁ
బుట్టినట్టి బిడ్డ భూపుఁ జంపె!

నిర్వాహకుడు: అమ్మా, ఇది పూరణ! "చూడఁ" అన్న ఒక్క మాటతో సమస్య విడిపోయింది. యతి కూడా చూడండి, పు–బొ ఎంత సహజంగా కుదిరిందో.

డాలస్ మిత్రుడు: నా మూడో పాదం "పెదకోమటి వేమభూపతి పన్నునఁ". సరిపోతుందా?

నిర్వాహకుడు: గణభంగం బాబూ. "పెదకో" దగ్గర సూర్యగణం పడదు. అంతకంటే పెద్ద చిక్కు చరిత్రది. పెదకోమటి వేముడు రాచవేముడి తండ్రి, శ్రీనాథుణ్ణి విద్యాధికారిగా పెట్టుకున్న ప్రభువు. సుంకం నింద ఆయన మీద వేయకూడదు. ఇలా మార్చి చూడండి:

కోమటయ్య కొడుకు కోరిన సుంకానఁ
బుట్టినట్టి బిడ్డ భూపుఁ జంపె!

ఇప్పుడు సుంకంలోంచి పుట్టిన తిరుగుబాటే బిడ్డ అయింది.

నరసరావుపేట మాస్టారు: ఈ పద్యం నాది కాకపోయిందే! అమ్మాయీ, నీ పూరణలో చెరువు, కాలువ ఎక్కడివి?

కృష్ణాతీరం: శ్రీనాథుడు రచించిన అమీనాబాదు శాసనంలోవి మాస్టారూ. ఫిరంగిపురం దగ్గర రాచవేముడి తల్లి సూరాంబిక తవ్వించిన సంతానసాగరం, దానికి నీళ్లు తెచ్చిన జగనొబ్బగండ కాలువ. కాలువ రాచవేముడిదే. పురిటి సుంకం, ఎల్లయ కత్తిపోటు కైఫియతుల్లో (ఊళ్ల పాత వృత్తాంతాల్లో), జనం నోట వచ్చిన కథ. అదొక్కటే చెప్పి వదిలేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుందని మొదటి రెండు పాదాలూ కాలువకే ఇచ్చాను.