ఎంటీటీ పరీక్ష: మందు మోతాదు పెంచితే కణాలు 118 శాతం ఎలా అయ్యాయి?

ప్రశ్న:
బిళ్ళగన్నేరు ఆకు మెథనాల్ సారాన్ని ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద 24 గంటలు ఉంచి ఎంటీటీ చేశాం (బతికున్న కణాలు పసుపు ఎంటీటీని ఊదారంగుకు మారుస్తాయి, ఆ రంగును బట్టి ఎన్ని బతికాయో లెక్కించే పరీక్ష). మి.లీ.కి 50 మైక్రోగ్రాముల దగ్గర 70 శాతం కణాలు బతికాయి. 200 దగ్గర 85 శాతం, 400 దగ్గర ఏకంగా 118 శాతం. మూడు ప్లేట్లలోనూ ఇదే వరస. సారాన్ని కరిగించిన ద్రావకం డీఎంఎస్ఓ 400 దగ్గర 1 శాతం పడింది. దీన్నుంచి ఐసీ50 (కణాలను సగానికి తగ్గించే మోతాదు) ఎలా తీయాలండీ?

జవాబు:
ఐసీ50 సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ రంగులో కొంత కణాలది కాదు, ఆకుది. ఆకు సారంలోని ఫినాలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు కణాల ప్రమేయం లేకుండానే ఎంటీటీని క్షయకరించి (ఎలక్ట్రాన్లిచ్చి) ఊదారంగు ఫార్మజాన్‌గా మార్చేస్తాయి. మోతాదు పెరిగినకొద్దీ ఆ రంగూ పెరుగుతుంది. కణాలు చస్తున్నా యంత్రానికి బతికినట్టే కనబడుతుంది.

తేల్చుకోవడం తేలికే. కణాలు లేని వెల్స్‌లో (ప్లేటు గుంటల్లో) మీడియం (కణాలను పెంచే ద్రవం), ప్రతి మోతాదు సారం, ఎంటీటీ కలిపి మామూలుగానే 4 గంటలు ఉంచి చదవండి. ప్రతి మోతాదుకీ దాని సొంత బ్లాంక్ (కణాల్లేని పోలిక వెల్) ఉండాలి. ఒక్క ఉమ్మడి బ్లాంక్ తీసేస్తే చాలదు.

ప్రశ్న అడిగినవారు:
చేసి చూశాం. 570 నానోమీటర్ల కాంతి దగ్గర యంత్రం చూపిన రంగు గాఢత ఇదీ: సారం లేకుండా డీఎంఎస్ఓ మాత్రమే వేసిన కంట్రోల్ 0.90, మీడియం బ్లాంక్ 0.06. 400 మోతాదులో కణాలున్న వెల్ 1.05, కణాల్లేని వెల్ 0.71.

జవాబు:
అదిగో, దొరికింది. 1.05లోంచి 0.71 తీస్తే 0.34. కంట్రోల్ 0.90లోంచి 0.06 తీస్తే 0.84. అంటే 118 కాదు, సుమారు 40 శాతం. అలాగని ఈ 40ని పత్రంలో రాసేయకండి. కణాలున్నచోట సారం కొంత కణాల లోపలికి పోతుంది, కొంత మారిపోతుంది కాబట్టి ఈ తీసివేత ఉజ్జాయింపు మాత్రమే.

సరైన పద్ధతి: ఎంటీటీ వేసే ముందు సారమున్న మీడియం తీసేసి, పీబీఎస్ (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం)తో రెండుసార్లు మెల్లగా కడిగి, సీరం, ఫినాల్ రెడ్ లేని కొత్త మీడియం 100 మైక్రోలీటర్లు పోయండి. అందులో మి.లీ.కి 5 మి.గ్రా. ఎంటీటీ స్టాక్ 10 మైక్రోలీటర్లు. కడిగేటప్పుడు ఊడిన కణాలు కొట్టుకుపోతాయి, అప్పుడు చావు ఎక్కువ కనిపిస్తుంది. సెంట్రిఫ్యూజ్‌కి ప్లేటు రోటర్ ఉంటే కడిగే ముందు 300 జీ (గురుత్వానికి 300 రెట్లు) దగ్గర 5 నిమిషాలు తిప్పండి, ఊడిన కణాలు అడుక్కి చేరతాయి.

మరొకరి జవాబు:
రోటర్ లేకపోతే ఎస్‌ఆర్‌బీ (సల్ఫోరోడమైన్-బి అనే రంగు) పరీక్ష పెట్టుకోండి. అది ప్రొటీన్‌ను కొలుస్తుంది, క్షయకరణంతో దానికి పనిలేదు. 100 మైక్రోలీటర్ల మీడియం మీద చల్లటి 50 శాతం టీసీఏ (కణాలను అడుగుకి అతికించే ట్రైక్లోరోఎసిటిక్ ఆసిడ్) 25 మైక్రోలీటర్లు అంచు నుంచి వదలండి. మధ్యలో పోస్తే ఆ ధాటికి కణాలు లేచిపోతాయి. 4 డిగ్రీల దగ్గర గంట ఉంచి, నీటితో కడిగి, ఆరబెట్టి రంగు వేయండి. మిగులు రంగును 1 శాతం ఎసిటిక్ ఆసిడ్‌తో కడిగాక 10 మిల్లీమోలార్ ట్రిస్ అనే క్షార ద్రావణంలో కరిగించి చదవాలి. ఎంటీటీ, ఎస్‌ఆర్‌బీ రెండూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

మీ ప్రయోగంలో మరో రెండు లోపాలున్నాయి. మొదటిది డీఎంఎస్ఓ. మోతాదుతో పాటు అదీ పెరుగుతోంది, 1 శాతమంటే చాలా కణాలకు దానివల్లే హాని. 100 మి.గ్రా./మి.లీ. స్టాక్‌ను డీఎంఎస్ఓలోనే మెట్లు మెట్లుగా పలుచన చేసుకుని, ప్రతి మెట్టునీ మీడియంలో 500 రెట్లకు కలపండి. పై మోతాదు 200 మైక్రోగ్రాములవుతుంది, అన్ని వెల్స్‌లోనూ డీఎంఎస్ఓ 0.2 శాతమే. కలిపాక సూక్ష్మదర్శినిలో చూడండి. గోధుమరంగు పొడి తేలితే ఆ మోతాదు లెక్కలోకి రాదు.

రెండోది 24 గంటలు. బిళ్ళగన్నేరులోని విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ట్యూబ్యులిన్ (విభజనకు కావలసిన దారాలను కట్టే ప్రొటీన్) మీద పనిచేసి విభజనను ఆపుతాయి. ఎంసీఎఫ్-7 నెమ్మదిగా పెరిగే కణాలు, 24 గంటల్లో చాలావరకు విభజన దాకా రావు. 48, 72 గంటలు పెట్టండి. పాజిటివ్ కంట్రోల్‌గా (పనిచేస్తుందని ముందే తెలిసిన పోలిక మందుగా) విన్‌బ్లాస్టిన్ నానోమోలార్లలో వేయండి. అది పనిచేయకపోతే ప్లేటు పారేయడమే. 96 వెల్స్ ప్లేటులో అంచు వెల్స్ 36లో పీబీఎస్ పోసి లోపలి 60నే వాడితే ఆవిరి గొడవా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఎంటీటీకి రంగు తెప్పిస్తున్న పాలీఫినాల్స్‌ను (ఫినాలిక్ పదార్థాలను) ముందే వదిలించుకోవచ్చా?

జవాబు:
విన్‌బ్లాస్టిన్ లాంటి ఆల్కలాయిడ్లే కావాలంటే అదే మంచి దారి. ఆరిన సారాన్ని 2 శాతం టార్టారిక్ ఆసిడ్‌లో కలిపి వడకట్టి, ఇథైల్ ఎసిటేట్‌తో కడగండి. ఆకుపచ్చ పదార్థం, చాలా ఫినాల్స్ అటు పోతాయి. మిగిలిన ఆమ్ల ద్రావణాన్ని చల్లబరిచి అమ్మోనియాతో పీహెచ్ 9కి తెచ్చి, క్లోరోఫామ్‌తో మూడుసార్లు లాగండి. గట్టిగా కుదిపితే నురగ కట్టి పొరలు విడవవు, గరాటును నెమ్మదిగా తిప్పాలి. ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. క్లోరోఫామ్ పూర్తిగా ఆరిందని బరువు నిలకడగా వచ్చేదాకా చూడండి. మిగిలిన ద్రావకమే కణాలను చంపి ఫలితమనిపించుకుంటుంది.

మరొకరి జవాబు:
క్యాన్సర్ కణాలతో పోల్చడానికి మామూలు కణాలుగా హెక్-293 (మనిషి పిండపు మూత్రపిండం నుంచి వచ్చిన కణాలు) పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. అవి ఎడినోవైరస్ జన్యువులతో మార్చిన కణాలు, మామూలువని ఏ సమీక్షకుడూ ఒప్పుకోడు. రొమ్ము కణాలకు ఎంసీఎఫ్-10ఏ (క్యాన్సర్ కాని రొమ్ము కణాలు) నయం. అప్పుడు కూడా రెండు రకాలూ విభజన చెందే వేగం రాసి చూపండి. నెమ్మదిగా పెరిగేవాటి మీద విభజనను ఆపే మందు ఎలాగూ తక్కువ పనిచేస్తుంది, ఆ తేడాను క్యాన్సర్ మీద ప్రత్యేక గురి అనుకుంటే పప్పులో కాలేసినట్టే.