నాసిక్ షిరాజ్‌లో వదలని రబ్బరు వాసన: సీసాలను నిల్వ ఉంచవచ్చా?

నాసిక్ ప్రాంతపు షిరాజ్ రెడ్ వైన్ (2021 పంట, స్క్రూ క్యాప్ సీసా) ఒక పెట్టె కొన్నాను. మూత తీయగానే ఉడికిన కోడిగుడ్డు వాసన, దాని వెనుకే కాలిన రబ్బరు వాసన వస్తున్నాయి. నోట్లో మాత్రం వైన్ ఎంతో బాగుంది: నేరేడు పండు వగరు, మెత్తని టానిన్, గుటక దిగాక చాలాసేపు నిలిచే మిరియాల ఘాటు. అందుకే దీన్ని వదులుకోవడానికి మనసొప్పడం లేదు.

18 డిగ్రీల వద్ద డికాంటర్‌లో (వైన్‌కు గాలి తగిలేలా పోసి ఉంచే గాజు పాత్ర) పోసి రెండు గంటలు ఉంచితే గుడ్డు వాసన చాలావరకు తగ్గింది, రబ్బరు వాసన తగ్గలేదు, మర్నాటికీ అంతే. శుభ్రంగా తోమిన రాగి తీగను ఒక గ్లాసులో కాసేపు తిప్పి చూడగా (ఆ గ్లాసు తాగకుండా పారబోశాను) గుడ్డు వాసన పూర్తిగా పోయింది గానీ రబ్బరు వాసన అలాగే ఉంది. రాగి హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ (గుడ్డు వాసనకు కారణం) మెర్కాప్టాన్లనూ (రబ్బరు వంటి వాసననిచ్చే గంధక సమ్మేళనాలు) పట్టుకుంటుంది, డైసల్ఫైడ్లను (మెర్కాప్టాన్లు ఆక్సీకరణం చెందితే ఏర్పడేవి) పట్టుకోలేదు కనుక మిగిలినవి అవేనని నా అనుమానం. అదే పెట్టెలోని మరో సీసా కూడా ఇలాగే ఉంది. కార్కు లేదు, తడిసిన అట్ట వాసనా లేదు కాబట్టి టీసీఏ (సాధారణంగా కార్కు నుంచి వైన్‌కు పట్టి బూజు వాసననిచ్చే పదార్థం) అని అనుకోవడం లేదు.

ఇటువంటి షిరాజ్‌ను నిల్వ చేసిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు: గాలి అతి తక్కువగా చొరబడే స్క్రూ క్యాప్ కింద, 14 డిగ్రీల వద్ద మిగిలిన సీసాలను మరో రెండేళ్లు ఉంచితే ఈ రబ్బరు వాసన తగ్గుతుందా, ఇంకా ముదురుతుందా?