కోడలూ పాపా ఓకినావా పోవాలా, తిరుపతిలో ఉండాలా?

బైరాగిపట్టెడ_మేష్టారు (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ నమస్కారం. మా చిన్నోడు అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నాడు. గ్రీన్‌కార్డు వచ్చినాక చేరాడు, విమానాల మెయింటెనెన్స్ పని. ఇప్పుడు జపాన్‌లోని ఓకినావా దీవికి, కడేనా బేస్‌కి పోస్టింగ్ పడింది. భార్యాబిడ్డలతో పోతే 36 నెలలు, ఒంటరిగా పోతే 24 నెలలంట. కోడలూ మూడేళ్ళ పాపా ఇప్పుడు వాడితో టెక్సాస్‌లో ఉన్నారు. వాడు ఒంటరిగా పోయి రెండేళ్ళలో ముగించుకొని రావడం మేలని నా ఉద్దేశం. ఆ రెండేళ్ళూ కోడలూ పాపా మా దగ్గర తిరుపతిలో ఉంటారు. అక్కడ తుఫాన్లు, యుద్ధవిమానాల మోత, పక్కనే చైనా గొడవ. చిన్నబిడ్డతో ఎందుకా తంటా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

కాణిపాకం_చిన్నోడు:
జపాన్ అంటే సేఫే కదా సార్. పోనీండి.

నగరి_నైన్:
అమెరికా బేస్ కదా, అక్కడ బండ్లు కుడిపక్కన పోతాయి. మనోళ్ళకు కష్టం.

సార్జెంట్_పలమనేరు:
మేష్టారు చెప్పిందే కరెక్టు. నేను మన ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏండ్లు చేసి బయటికొచ్చినోడిని. దీవి పోస్టింగ్ అంటే ఏందో నాకు తెలుసు. కార్ నికోబార్‌లో ఉండినా. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చిన పొద్దు నేను సెలవు మీద పలమనేరులో ఉండా. ఆ ఒక్క స్టేషన్‌లోనే ఎయిర్‌ఫోర్స్ వాళ్ళూ వాళ్ళ భార్యాబిడ్డలూ కలిపి వందమందికి పైగా పోయినారు. తిరిగిపోయి చూస్తే మా వరస క్వార్టర్లకు పునాదులే మిగిలినాయి. ముందు రోజు దాకా సైకిల్ తొక్కుతా ఉండిన పిల్లోళ్ళు. ఆ ఏడు నా భార్య కూడా వచ్చేస్తానని పెట్టె సర్దుకొనింది. మా అమ్మ వద్దనింది, ఆగిపోయింది. అంతకంటే నేను చెప్పేది లేదు. ఉద్యోగం చేసేవాడు పోవాల, తప్పదు. బిడ్డలెందుకు?

అలిపిరి_మెట్లు:
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది సార్ 🙏

కడేనాలో_మూడేళ్ళు:
సార్జెంట్ గారూ, మీరు చూసింది ఎవరూ చూడకూడనిది. కానీ కార్ నికోబార్ వేరు, ఓకినావా వేరు. నేను చిత్తూరు గిరింపేట పిల్లను. మా ఆయనది కూడా అమెరికా ఎయిర్‌ఫోర్సే. 2018 నుంచి 2021 దాకా కడేనాలోనే ఉన్నాం. మా బాబు అక్కడే పుట్టాడు, క్యాంప్ ఫోస్టర్‌లో ఉండే నేవీ ఆసుపత్రిలో. అందుకని కాస్త పెద్దగానే రాస్తాను.

తుఫాను సంగతి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా బేస్ ఎప్పుడూ నాలుగో నంబరు హెచ్చరికలోనే ఉంటుంది. గాలి దగ్గరపడే కొద్దీ మూడు, రెండు, ఒకటి. చివరికి ఎవరూ గడప దాటకూడదంటారు. ఇళ్ళు అచ్చంగా కాంక్రీటు పెట్టెలు. వాకిట్లో ఉండే కుర్చీలు, పూలకుండీలు, పిల్లల సైకిళ్ళు లోపలికి తెచ్చుకొని, స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టుకొని, పులిహోర కలుపుకొని కూర్చునేవాళ్ళం. కరెంటు పోయేది, ఇల్లు మాత్రం కదిలేది కాదు. మన చిత్తూరులో 2015 నవంబర్ వానలకు మా అమ్మావాళ్ళ ఇంట్లోకి వచ్చినన్ని నీళ్ళు మూడేళ్ళలో అక్కడ రాలేదు.

అసలు బాధ తుఫాను కాదు, బూజు. చెమ్మ అంత ఉంటుంది. తోలు బెల్టులు, చెప్పులు, పుస్తకాలు, అన్నిటికీ పట్టేది. నా పెళ్ళి పట్టుచీర బీరువాలో పెట్టి ఒక వానాకాలం మరిచిపోయాను, తీసి చూస్తే మడతల వెంట తెల్లగా బూజు. గది గదికీ చెమ్మ లాగే మిషను పెట్టాలి, దాని తొట్టి రోజూ పారబొయ్యాలి. దీన్ని గురించి ఎవరూ ముందు చెప్పరు.

తిండికి భయం లేదు. కాకరకాయ వాళ్ళకు ప్రాణం, గోయా అంటారు, టోఫూ గుడ్డు వేసి వేయిస్తారు. పసుపు కూడా అక్కడే పండిస్తారు, టీ పెట్టుకొని తాగుతారు. కరివేపాకుకే మొహం వాచిపోయేది.

ఒకటి మాత్రం నిజం. వెళ్ళినంత మాత్రాన మొగుడు ఇంట్లో ఉంటాడనుకోకూడదు. మెయింటెనెన్స్ వాళ్ళకు పన్నెండు గంటల షిఫ్టులు, మధ్యలో వేరే దేశాలకు వారాల తరబడి పంపిస్తారు. అయినా పాప నిద్ర లేచేసరికి నాన్న బూట్లు వాకిట్లో కనిపిస్తాయి. అది చాలు అనిపించేది నాకు.

ఇంకో మాట. నగరి తమ్ముడూ, అక్కడ బండ్లు ఎడమపక్కే.

నగరి_నైన్:
అక్కా, అమెరికా పాలించింది కదా ఓకినావాని 1972 దాకా? అమెరికా అంటే కుడిపక్కే.

కడేనాలో_మూడేళ్ళు:
1972 మే 15న జపాన్‌కి ఇచ్చేశారు. ఆ తర్వాత 1978 జూలై 30న రోడ్లన్నీ ఎడమకు మార్చారు. బేస్ లోపల కూడా ఎడమే. మూడేళ్ళు నడిపాను నాయనా.

నగరి_నైన్:
బేస్ లోపల కుడి అని ఒక వీడియోలో చూసినా.

శ్రీకాళహస్తి_ఎక్స్‌ప్రెస్:
కోడలిది ఇండియన్ పాస్‌పోర్టా? మూడేళ్ళు అమెరికా బయట ఉంటే గ్రీన్‌కార్డు గోవిందా. ఎవరూ దీని గురించి మాట్లాడరేంది?

కడేనాలో_మూడేళ్ళు:
పోదు. సైనికుడి ఆర్డర్లలో పేరు ఉండి భర్తతో పాటు బయట ఉన్న భార్యకు ఆ కాలాన్ని అమెరికాలో ఉన్నట్టే లెక్కేస్తారు. ఇంకా చెప్పాలంటే ఒంటరిగా తిరుపతిలో రెండేళ్ళు కూర్చుంటేనే గ్రీన్‌కార్డుకు ఇబ్బంది. మేష్టారు ఈ సంగతి ఆలోచించారా?

రేణిగుంట_రైతు:
అందరూ బూజూ కాకరకాయా మాట్లాడతాండారు. ఆ నేల ఎవరిది? జపాన్ మొత్తం భూమిలో ఓకినావా 0.6 శాతం. ఆ దేశంలో అమెరికా సైన్యానికే విడిచిపెట్టిన స్థలంలో 70 శాతం ఈ ఒక్క దీవుల మీదే ఉండాది. కడేనా అనే ఊరిని తీసుకోండి, ఊరి నేలలో 80 శాతానికి పైగా బేసే. మిగిలిన ముక్కలో జనం. 1945 యుద్ధంలో ఆ దీవి జనంలో నాలుగోవంతు చచ్చిపోయినారు. మిగిలినోళ్ళు శిబిరాల నుంచి తిరిగొచ్చేసరికి పొలాల మీద కంచెలు. మాది ఎకరా ముప్పై సెంట్లు రోడ్డుకింద పోయింది. నోటీసు వచ్చిన రోజు మా నాయన గట్టు మీద కూర్చొని లేవలేదు. మేష్టారి కొడుకు ఎవరి పొలంలో కాపురం పెడతాడో అదీ చర్చించాల.

కాణిపాకం_చిన్నోడు:
వాళ్ళకు అద్దె ఇస్తారంట కదా అన్నా.

రేణిగుంట_రైతు:
ఇస్తారు, జపాన్ గవర్నమెంటు ఇస్తుంది. అద్దె వద్దు, నేల కావాలన్నోళ్ళు కోర్టులకు పోయినారు. అద్దె ఇస్తే పొలం పోనట్టా? నష్టపరిహారం మాకూ ఇచ్చినారు లే.

కడేనాలో_మూడేళ్ళు:
అన్నా, మీ బాధ అర్థమవుతుంది. గేటు బయట అట్టలు పట్టుకొని నిలబడే ముసలమ్మలను నేనూ చూశాను, తల దించుకొనే కారు పోనిచ్చేదాన్ని. 1995లో ముగ్గురు సైనికులు ఒక చిన్నపిల్లకు చేసిన ఘోరం అక్కడ ఎవరూ మరిచిపోలేదు. మా బండ్ల నంబరు పలకల మీద ‘వై’ అక్షరం ఉంటుంది, ఎవరమో చూడగానే తెలిసిపోతుంది. కానీ మేష్టారి ప్రశ్న బేస్ ఉండాలా వద్దా అని కాదు.

రేణిగుంట_రైతు:
ప్రశ్న ఎప్పుడూ అది కాదులే అక్కా. నేల పోయినోడు అడిగేది ఎప్పుడూ వేరే ప్రశ్నే.

అలిపిరి_మెట్లు:
👏

బైరాగిపట్టెడ_మేష్టారు:
చర్చ పక్కదారి పడుతోంది. 2022 ఆగస్టులో చైనా క్షిపణులు జపాన్ ఆర్థిక మండలి పరిధిలోని సముద్రంలో పడ్డాయి కదా. తైవాన్‌కూ ఓకినావాకూ మధ్య 600 కిలోమీటర్లేనంట. యుద్ధమొస్తే మొదట పడేది ఆ రన్‌వే మీదే కదా? దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.

కడేనాలో_మూడేళ్ళు:
భయం లేదని నేను చెప్పను. కుటుంబాలను ఖాళీ చేయించడానికి అక్కడ రిహార్సల్స్ జరుగుతాయి. పాస్‌పోర్టులు, జనన ధ్రువపత్రాలు, రేషన్ సంచి అన్నీ ఒకచోట సర్ది తలుపు పక్కన పెట్టుకోవాలి. నేనూ పెట్టుకున్నాను. ఆ సంచి చూసిన రోజు నిద్ర పట్టలేదు, తర్వాత దాని మీదే గొడుగులు పెట్టేవాళ్ళం. కానీ మేష్టారూ, మీరు తుఫాను అన్నారు, జవాబు చెప్పాను. మోత అన్నారు. అది నిజం, విమానం లేచినప్పుడు ఫోన్లో మాట ఆపాల్సిందే. ఇప్పుడు చైనా అంటున్నారు. ఇన్నింటిలో మీ కోడలు ఏమందో ఒక్కసారీ రాయలేదు. ఆమెను అడిగారా?

సార్జెంట్_పలమనేరు:
పెద్దాయనను అట్ల నిలదీస్తారా? ఇంటి పెద్ద ఇంటి మంచే కోరతాడు. మా అమ్మ వద్దన్నందుకే నా భార్య ఈ రోజు బతికి ఉండాది.

కడేనాలో_మూడేళ్ళు:
సునామీ వస్తుందని మీ అమ్మగారికి ముందే తెలుసా సార్? ఆమె వద్దన్నది ఎందుకు? నిజం చెప్పండి.

సార్జెంట్_పలమనేరు:
నోరు అదుపులో పెట్టుకోమ్మా. మూడేళ్ళు ఏసీ ఇంట్లో ఉండొచ్చి మాకు పాఠాలా? నేను ఉండిన చోట నెలకొక ఉత్తరం వచ్చేది.

కడేనాలో_మూడేళ్ళు:
ఏసీ ఇంట్లో ఉన్నానో, నెలల బాబుతో నాలుగు వారాలు ఒక్కదాన్నే ఉన్నానో మీకేం తెలుసు? మా అత్తగారూ ఇదే అన్నారు, ‘అక్కడెందుకు, ఇక్కడుంటే నాకు తోడు’ అని. నేను పోతానన్నందుకు మూడేళ్ళు ఫోన్లో నాతో మాట్లాడలేదు. మనవడి ముఖం మా ఆయన ఫోన్లోనే చూసుకునేది. తుఫాన్లూ చైనా అందరి నోటా వింటాను. అత్తకు చేయందించే మనిషి కావాలని మాత్రం ఎవరూ చెప్పరు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత దూషణలు వద్దు. ఇంకొకసారి అయితే చర్చకు తాళం వేస్తాను.

నగరి_నైన్:
మా బావ ఒకాయన జపాన్‌లో ఉండాడు. ఫోన్ చేసినా. ఎడమే అంట. బేస్ లోపల మాత్రం ఆయనకు తెలీదంట.

సార్జెంట్_పలమనేరు:
రాత్రి బాగా ఆలోచించినా. మా అమ్మకు అప్పుడు చూపు మందగించింది, ఇంట్లో రెండు ఆవులు. అందుకే వద్దనింది. సునామీ తర్వాత మేమందరం దాన్ని వేరేగా చెప్పుకోవడం మొదలుపెట్టినాము, ఆమె కూడా. చెప్పీ చెప్పీ అదే నిజమైపోయింది. ఇంకొకటి. నేను రిటైరై వచ్చిన ఏడు మావాడు పదో తరగతి. బడిలో తండ్రి సంతకం తెమ్మంటే కాగితం తీసుకొని వీధి చివర ఉండే మా తమ్ముడింటికి పోయినాడు. నేను వాకిట్లో మంచం మీదనే ఉండా. వాడు తప్పు చేయలేదు. అలవాటు అది. మేష్టారికి నేను చెప్పిన సలహా వెనక్కి తీసుకోను, దీవి అంటే ఇప్పటికీ నాకు భయమే. కానీ ఇది కూడా చెప్పాల కదా.

రేణిగుంట_రైతు:
సార్జెంట్ సార్ 🙏

బైరాగిపట్టెడ_మేష్టారు:
మా ఆవిడకు ఏడాది కిందట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి సరిగా పట్టదు. పెద్దోడు బెంగళూరులో, రెండు నెలలకొకసారి వచ్చి ఒక పూట ఉండి పోతాడు. వంటమనిషి పొద్దున వచ్చి పోతుంది. సాయంత్రం ఆమెకు జడ వేసేది నేనే. వంకరగా వస్తుంది, నవ్వుతుంది. పాప ఉంటే ఇంట్లో అలికిడి ఉంటుందని అనుకున్నాను. అంతే. కోడలి చేత చాకిరీ చేయించుకోవాలని కాదు. ఇది ముందే రాసి ఉండాల్సింది, రాయడానికి మనసొప్పలేదు.

కడేనాలో_మూడేళ్ళు:
మేష్టారూ, అలా మాట్లాడినందుకు క్షమించండి. ఒక్క మాట. అమెరికాకూ మనకూ పగలూ రాత్రీ తిరగబడి ఉంటాయి. ఓకినావా మనకంటే మూడున్నర గంటలే ముందు. మీ ఆవిడ సాయంత్రం నాలుగింటికి కాఫీ తాగేటప్పుడు అక్కడ ఏడున్నర, పాప అన్నం తినే వేళ. రోజూ కనిపిస్తుంది. తోడుకు మాత్రం జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోండి, ఆ ఖర్చులో పెద్దబ్బాయినీ పాలు పెట్టమనండి.

శ్రీకాళహస్తి_ఎక్స్‌ప్రెస్:
పెద్దోడు వినడు. నేనూ పెద్దోడినే, నాకు తెలుసు.

బైరాగిపట్టెడ_మేష్టారు:
నిర్వాహకుడు గారికి విన్నపం. ఈ చర్చను తొలగించగలరా? టెక్సాస్‌లో ఎవరో చూసి మా కోడలికి లింకు పంపారంట. ఆమె మొత్తం చదివింది.

నిర్వాహకుడు:
ఇరవై జవాబులు దాటిన చర్చను తొలగించే వీలు లేదండి. తాళం మాత్రం వేయగలను. వేయమంటారా?

సార్జెంట్_పలమనేరు:
మేష్టారూ, కోడలు ఫోను చేసిందా? మీకా, అమ్మగారికా?

బైరాగిపట్టెడ_మేష్టారు:
ఆమెకే. గంటన్నర మాట్లాడుకున్నారు. నేను గదిలోకి పోతే మాట మార్చారు. తాళం వేసేయండి.