‘పలుకు’ అనాలా, ‘స్ఫటికం’ అనాలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మా మేనకోడలు ఫిజిక్స్ చదువుతోంది. కాంతిని పసిగట్టే డిటెక్టర్ల కోసం సెమీకండక్టర్ స్ఫటికాలను ఎలా పెంచుతారో మా వీధి పిల్లలకు తెలుగులో చెప్పాలట. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు పిల్లలు. ‘స్ఫటికం’ అంటే వాళ్లకు స్ఫటిక లింగమే తెలుసు. ‘పలుకు’ అనమన్నాను. సరేనా?

జవాబు (బరంపురం నుంచి):
మాస్టారూ, రెండు మాటలూ కావాలి. అసలు ‘పటిక’ అన్నది ‘స్ఫటిక’లోంచి వచ్చిందే. ఒడియాలో ఫిటికిరి అంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఇక పలుకు. పంచదార పలుకు అంటాం, అన్నం పలుకుగా ఉందంటాం. డిటెక్టర్లకు వాడే సెమీకండక్టర్ సిలికాన్. కరిగిన సిలికాన్‌ను ఊరికే చల్లారనిస్తే అలాంటి పలుకులే బోలెడు కట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. డిటెక్టర్‌కు పనికొచ్చేది అది కాదు. వెలుగు తగిలినప్పుడు లోపల ఎలక్ట్రాన్, అది వదిలి వెళ్లిన ఖాళీ జంటగా పుడతాయి. పలుకుల హద్దుల్లో అవి చిక్కుకుపోతే సిగ్నల్ పోయినట్టే. కాబట్టి ముక్క మొత్తానికీ ఒకటే అమరిక ఉండాలి. దాన్ని ‘ఏకస్ఫటికం’ అనండి, లోపలి గింజల్ని ‘పలుకులు’ అనండి.

పెంచే తీరు పటికబెల్లంతో చెప్పొచ్చు: పాకంలో దారం వేలాడదీస్తే దాన్ని పట్టుకుని పలుకులు కడతాయి కదా. ఇక్కడ దారం బదులు ఒక చిన్న ఏకస్ఫటికం ముక్క, ‘బీజం’. 1414 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే సిలికాన్‌లో దాన్ని ముంచి, తిప్పుతూ మెల్లగా పైకి లాగుతారు. బీజంలోని అమరికనే కొత్తగా గడ్డకట్టేదీ అందుకుంటుంది. మొదట సన్నటి మెడలాగా లాగుతారు, బీజంలోంచి వచ్చే లోపాలు అక్కడే ఆగిపోవాలని. ఇలా కరిగినదాంట్లోంచి పైకి లాగడం పోలండ్‌వాడు చొక్రాల్స్కీ 1916లో కనిపెట్టిన పద్ధతి. ఆయన లాగింది తగరం తీగ, సిలికాన్ కాదు!

ప్రశ్న (రాయగడ నుంచి):
ప్రాణం లేనిదాన్ని ‘పెంచడం’ ఏమిటండీ? ‘తయారుచేయడం’ అనొచ్చుగా?

జవాబు (బరంపురం నుంచి):
పుట్ట పెరుగుతుంది, అప్పు పెరుగుతుంది, స్ఫటికానికే అభ్యంతరమా? పొర మీద పొర పరమాణువులు చేరుతూ పోయే పనికి ‘పెరగడం’ కంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. ‘తయారీ’ అంటే ఆ క్రమం కనపడదు. మొదటి ప్రశ్న గిడుగువారు పనిచేసిన పర్లాకిమిడి నుంచి వచ్చింది కాబట్టి వాడుకమాటకే నా ఓటు.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
బాగుంది. వెలుగు లేకపోయినా డిటెక్టర్‌లో కొంచెం కరెంటు పారుతుందట, లోపాలుంటే అది ఇంకా ఎక్కువట. దాన్నేమనాలి? ‘తమోవిద్యుత్తు’ అని ఎవరో రాశారు.

జవాబు (బరంపురం నుంచి):
‘చీకటి కరెంటు’ చాలు. స్ఫటికంలోంచి కోసిన బిళ్లను మాత్రం వేఫర్ అనే ఉంచండి. ‘పలక’ అంటే పక్కనే ‘పలుకు’ ఉంది, పిల్లలు కలిపేసుకుంటారు.