స్వాన్ లేక్ చివర ఓడెట్ బతకాలా, మునగాలా?

చక్రవాకం:
ఈ బ్యాలే (రష్యన్ నృత్యనాటకం) కథ తెలియనివారికి రెండు ముక్కల్లో: మాంత్రికుడు రోత్‌బార్ట్ శాపంతో ఓడెట్ పగలు హంస, రాత్రి మనిషి. అంతకుముందు ఎవరినీ ప్రేమించనివాడు ఆమెకు మాటిచ్చి నిలబెట్టుకుంటే శాపం పోతుంది. యువరాజు సీగ్‌ఫ్రీడ్ మాటిస్తాడు. కోటలో విందుకు రోత్‌బార్ట్ తన కూతురు ఓడిల్‌ను ఓడెట్ పోలికలతో తెస్తే, ఆమెకే ప్రమాణం చేసేస్తాడు. తగవంతా ఆ తర్వాతే. 1950లో లెనిన్‌గ్రాడ్ కీరోవ్ థియేటర్‌కు నృత్యకర్త సెర్గేయెవ్ కూర్చిన రూపంలో యువరాజు పక్షిగా వచ్చిన మాంత్రికుడి రెక్క పీకేస్తాడు, తెల్లవారుతుంది, జంట బతుకుతుంది. నా ఓటు దానికే. మొదటి అంకం చివర నుంచీ మైనర్‌లో, అంటే దిగులు స్వరాల్లో, వినిపించిన హంస బాణీ ఆఖర్న బి మేజర్ అనే వెలుగు స్వరాల్లోకి తిరుగుతుంది. చావుకు అంత వెలుగు ఎవరు పోస్తారండీ?

పాతరీలు:
దీనికి సంగీతం రాసిన చైకోవ్‌స్కీయే పోశాడు. ఆ సంగీతం 1877లో మాస్కో బొల్షాయ్ థియేటర్‌లో మొదట ఆడినప్పటిది. అప్పటి కథలో ఓడెట్‌ను కాపాడేది ఆమె తలమీది కిరీటం. సీగ్‌ఫ్రీడ్ దాన్ని లాగి చెరువులో విసిరేస్తాడు, నీళ్ళు పొంగి ఇద్దరినీ ముంచేస్తాయి. మీ బి మేజర్ ఆ మునిగిన జంటకు రాసిందే.

చిరుగాలి:
మన భాగవతులైతే మంగళం పాడందే ఆట ముగించరు. సుఖాంతానికే నా చెయ్యి.

బొంగరం:
ముగింపు ఎలాగైనా ఏడవనివ్వండి. మూడో అంకంలో ఓడిల్ 32 ఫుయెతేలు (ఒంటికాలి మీద ఆగకుండా తిరిగే చుట్లు) పూర్తిచెయ్యకపోతే ఆ ఆట స్వాన్ లేకే కాదు. ప్రతి చుట్టుకీ మడమ నేలకు దిగాలి, మోకాలు వంగాలి, మళ్ళీ మునివేళ్ళ మీదికి లేవాలి. విసిరే కాలు భుజం దాటి వెనక్కి పోయిందా, నడుము దాని వెంట లాగేసుకుంటుంది. అక్కణ్ణుంచి చుట్టు చుట్టుకీ ముందుకు జరుగుతూ అంచు దాకా వచ్చేస్తారు. తల చివరిదాకా ఆగి ఒక్కసారిగా తిరగాలి. అది ఆలస్యమైతే కళ్ళు తిరుగుతాయి.

చక్రవాకం:
అడిగింది ముగింపు గురించండీ.

బొంగరం:
చెప్పేదీ దాని గురించే. ఆ 32తో కళ్ళు చెదరకపోతే యువరాజు మోసపోయాడంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే మీ నాలుగో అంకం దేనికి?

పాతరీలు:
ఇటలీ నర్తకి లెన్యానీ ఆ 32ను 1893లోనే సిండ్రెల్లాలో తిరిగింది. రెండేళ్ళకు ఇక్కడికి తెచ్చింది. కథ కోసం పుట్టినవి కావవి, ఆమె కాలికోసం వచ్చినవి. బొల్షాయ్ నర్తకి ప్లిసెత్స్కయా వాటిని మాని వేదిక చుట్టూ గుండ్రంగా తిరిగేది. ఆమెది స్వాన్ లేక్ కాదంటారా?

బొంగరం:
ప్లిసెత్స్కయాకు చెల్లింది. అందరికీ చెల్లదు.

పాతరీలు:
చక్రవాకం గారూ, మీ సుఖాంతం చాలావరకు సోవియట్ అధికారుల ముచ్చట. 1969లో బొల్షాయ్‌లో నృత్యకర్త గ్రిగొరోవిచ్ విషాదంగా ముగిస్తానంటే ఒప్పుకోలేదు. 2001లో గానీ ఆయన మాట నెగ్గలేదు.

చక్రవాకం:
ఎవరి ముచ్చటైతేనేం? పాత కాగితం మీద ఉందని ఇద్దర్నీ చెరువులో తోసేయాలా? మోసపోయినవాడికి మరణశిక్షా? మీకు కావలసింది కళ కాదు, దండన.

పాతరీలు:
ఆ మాట వెనక్కి తీసుకోండి.

చక్రవాకం:
తీసుకోను. అతను తెలిసి తప్పు చేశాడా లేదా, అది చెప్పండి.

తెరవెనక:
అది లైటు వేసేవాడి చేతిలో ఉంటుంది. మూడో అంకంలో కిటికీ బయట రెక్కలు కొట్టుకునే ఓడెట్ వేరే నర్తకి, ఎందుకంటే అసలామె లోపల ఓడిల్‌గా ఉంటుంది. కిటికీకి పల్చటి బట్ట, వెనక దీపం. దీపం ప్రమాణానికి ముందే వెలిగి, ఓడిల్ అడ్డు నిలిస్తే, చూడాల్సినవాడు చూడలేదని అర్థం. తర్వాత వెలిగితే పాపం అమాయకుడు. కొన్ని కూర్పుల్లో రెండుసార్లూ వెలుగుతుంది. సైగ రెండు క్షణాలు ఆలస్యమైతే మాత్రం కథే మారిపోతుంది. అతను ఖాళీ కిటికీ చూసి ఉలిక్కిపడతాడు, జనం నవ్వుతారు.

పాతరీలు:
ఇప్పుడు అసలు సంగతికొద్దాం. దండన అన్నారు. 1895లో నృత్యకర్తలు పెతిపా, ఇవనోవ్ మరియిన్‌స్కీలో (తర్వాత కీరోవ్ అయిన థియేటర్ అదే) వేసినదాంట్లో ఓడెట్ అతన్ని క్షమిస్తుంది. క్షమించినంత మాత్రాన శాపం పోదు, మాట తప్పింది తప్పినట్టే. ఎప్పటికీ హంసగా ఉండటంకంటే మనిషిగా చావడం మేలని దూకుతుంది. అతను వెంట దూకుతాడు. దాంతో రోత్‌బార్ట్ చస్తాడు. మాంత్రికుణ్ణి ఓడించేది ఆమె నిర్ణయం. మీ 1950 రూపంలో ఆ పని యువరాజు చేతికిచ్చి, ఒక రెక్క పీకించారు. అక్కడ ఓడెట్ పనేమిటో చెప్పండి.

చిరుగాలి:
అబ్బో, దీనికి జవాబు కావాలి.

చక్రవాకం:
సంగీతం మాట ఒప్పుకున్నాను, 1877 సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇది మాత్రం ఒప్పుకోను. ఆడపిల్ల గెలవాలంటే చావాలి అన్న లెక్క మీకు నిర్ణయంలా కనిపిస్తోంది. నాకు గతిలేక దూకినట్టు కనిపిస్తోంది.

పాతరీలు:
రెక్క పీకినా గతి ఆమె చేతికి రాలేదుగా.

బొంగరం:
32 మాట ఎవరూ తేల్చలేదు.