గేటు దగ్గరే ఆపేశారు, కాగితం ఇవ్వలేదు: ఏం చేయాలి?

ప్రశ్న (కర్నూలు): మా బామ్మర్ది ఆయిల్ మిల్లులో నాలుగేళ్లుగా మెషిన్ ఆపరేటర్. సోమవారం నుంచి లోపలికి రానివ్వడం లేదు. రాజీనామా రాసిస్తేనే బాకీ జీతం ఇస్తామంటున్నారు. లాయర్ దగ్గరికి వెళ్లాలా?

జవాబు 1: అన్నా, రాజీనామా మీద, తెల్లకాగితం మీద సంతకం పెట్టనీయొద్దు. పెడితే సగం కేసు అక్కడే పోతుంది. ఈరోజే మేనేజ్‌మెంట్‌కు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపించండి: "ఫలానా తేదీ నుంచి గేటు దగ్గర ఆపుతున్నారు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను." రసీదు, కాపీ దాచండి. లేకుంటే రేపు "తనే పని మానేశాడు" అంటారు. ఎక్కువ కేసులు దెబ్బతినేది ఈ మాటతోనే. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, డ్యూటీ వాట్సాప్ మెసేజీలు తీసి పెట్టుకోండి.

జవాబు 2: ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉంటే, మనుషులు ఎక్కువయ్యారని తీసేయడానికి నెల నోటీసు లేదా నెల జీతం, పైగా పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. తప్పు చేశాడంటే చార్జిషీటు (ఆరోపణలు రాసిన కాగితం) ఇచ్చి, విచారణ జరపాలి.

జవాబు 3: లాయర్‌ను ఇప్పుడే కలవండి, కానీ పని పంచుకోండి. లేబర్ ఆఫీసులో రాజీ చర్చలకు లాయర్ ప్రతినిధిగా కూర్చోకూడదు. అర్జీ, లెక్కలు ఆయన రాసిస్తే కార్మికుడు, యూనియన్ నాయకుడు వెళ్లాలి. రాజీ కుదరకపోతే ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్‌కు (ఇదివరకు లేబర్ కోర్టు చూసేది) వెళ్లాలి. పని ఆపిన రోజుల జీతంతో సహా తిరిగి ఉద్యోగం అడగండి. ఆలస్యం మాత్రం వద్దు, రెండేళ్లు దాటితే అర్జీయే నిలవదు.